చేతివాటం ఉన్న చుట్టం

టొరంటో నగరపాలక సంస్థ 2016లో ఇంటింటికీ కొత్త చెత్తబుట్టలు పంచడం మొదలుపెట్టింది. తిండి చెత్త వేసే ఆకుపచ్చ బుట్టలు, వాటికి పిడి తిప్పితే తప్ప ఊడని గొళ్లెం. ఖర్చు 3 కోట్ల 10 లక్షల కెనడా డాలర్లు. ఆ గొళ్లెం దొంగల కోసం కాదు. పిల్లికంటే కాస్త పెద్దగా, కళ్లకు నల్ల గంతలు కట్టుకున్నట్టుండే రకూన్ అనే జంతువు కోసం. 2018లో ఆ ఊళ్లోనే ఒక పత్రికా విలేఖరి ఇంటి దగ్గర రకూన్ ఒకటి బుట్టను కింద పడేసి, పిడి తిప్పి, మూత తీసి భోంచేస్తూ కెమెరాకు చిక్కింది. టెండరు దక్కించుకున్నవాళ్లు ఏమనుకున్నారో గానీ, ఆ వార్త చదివాక నాకు మహా ధైర్యం వచ్చింది. అంత పెద్ద నగరం ఓడిపోయిన చోట మా పెరడు ఓడిపోతే అది నామర్దా కాదు.

మాది న్యూజెర్సీ. ఇక్కడ తెలుగువాళ్ల పెరడు ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? మే నెలలో మంచు భయం తీరగానే సొరపాదుకు పందిరి, బీరకు దడి, ఓ మూల గోంగూర, చలికాలమంతా హాల్లో మాతోపాటు టీవీ చూసిన కరివేపాకు కుండీ. ఇవి కాక రెండు సాళ్లు మొక్కజొన్న. రకూన్‌కు కావలసింది ఆ రెండు సాళ్లే. గింజ పాలుపోసుకుని, రేపో ఎల్లుండో కోసుకుందాం అని మనం అనుకునే రాత్రికి సరిగ్గా దిగుతుంది. కర్ర వంచి, పొత్తు ఒలిచి, ఓ కొరుకు కొరికి, నచ్చక పారేసి ఇంకోటి అందుకుంటుంది. మగపెళ్లివారు కూడా ఇన్ని వంకలు పెట్టరు. గోంగూర మడి వైపు మాత్రం కన్నెత్తి చూడలేదు. గుంటూరు జిల్లా నుంచి వేసవికి వచ్చిన మా నాన్నకు దానిమీద ఉన్న కాస్త గౌరవం అక్కడితో పోయింది.

నాన్న మిరప రైతు. అడవిపందులతో జన్మంతా తగాదా పడ్డ మనిషి. "ఒరే, దీనికి భయం చెప్పాలిరా" అని, చేను చుట్టూ కట్టినట్టే పెరడు చుట్టూ మా ఆవిడ పాత చీరలు కట్టేశారు. గాలికి చీరలు రెపరెపలాడితే మనిషి కదులుతున్నాడనుకుని పందులు రావని మన రైతుల నమ్మకం. రకూన్ చీర కింద నుంచి నింపాదిగా వచ్చింది. వీధిలో కదిలిపోయింది మా కాలనీ సంఘం ఒక్కటే. అనుమతి లేని కంచె అని ఉత్తరం పంపారు. "వీటిలో ఒకటి నా ఎంగేజ్‌మెంటు చీర" అని మా ఆవిడ నోటిమాటగానే అంది గానీ, ఘాటు దానికే ఎక్కువ.

తర్వాత ట్రాన్సిస్టర్. మనిషి గొంతు వినిపిస్తే రకూన్లు రావని ఇక్కడివాళ్లు రాత్రంతా రేడియో పెడతారు. నాన్న దానికి మెరుగులు దిద్ది, మన వార్తా చానల్ చర్చ ఒకటి ఫోన్లో పెట్టి కిటికీలో ఉంచారు. ఆ కేకలకు మేం లోపలి గదిలోకి పారిపోయాం. రకూన్ కూర్చుని పూర్తిగా విన్నది. 2022లో సిద్దిపేట జిల్లా రైతు ఒకాయన కోతులను తోలడానికి ఒక మనిషికి ఎలుగుబంటి వేషం కట్టి కూలికి పెట్టుకున్నాడని వార్త వచ్చింది, గుర్తుందిగా? నాన్నకూ గుర్తొచ్చింది. నన్ను ఎగాదిగా చూశారు. నేను మాట మార్చాను.

బెదిరింపు ఏదైనా ఒకటి రెండు రాత్రులే. మెరిసే దీపం, అరిచే రేడియో, ఆడే చీర తనను కరవవని తెలిసిన మరుక్షణం రకూన్ వాటిని పెరటి అలంకారంలో జమకట్టేస్తుంది. కలరా ఉండలు చల్లమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అవి విషం. అట్టపెట్టె మీద రాసిన పనికి తప్ప వాడటం ఇక్కడ చట్టవిరుద్ధం, పైగా పిల్లలు తిరిగే పెరడు.

అసలు దాని బలం ధైర్యంలో లేదు, చేతుల్లో ఉంది. ముందు కాళ్లకు ఐదేసి వేళ్లు. స్పర్శను పట్టే మెదడు భాగంలో పెద్ద వాటా ఆ చేతులదే. తిండిని నీళ్లలో ముంచి ఆడించడం చూసి ఎంత శుభ్రమో అనుకుంటాం గానీ, అది కడగడం కాదు. తడిస్తే అరచేతికి స్పర్శ ఇంకా బాగా తెలుస్తుంది, అందుకని తడిమి చూసుకోవడం. 1907లో డేవిస్ అనే పరిశోధకుడు రకూన్లకు 13 రకాల గొళ్లాలు ఇస్తే, 11 తీసి పెట్టాయి. మా అపార్ట్‌మెంటు రోజుల్లో వాష్‌రూమ్ గడియ తీయలేక లోపల ఇరుక్కున్న చుట్టాలు మాకున్నారు.

పక్కింటి పెద్దావిడ బాధ ఇంకోలాంటిది. ఆవిడ పిట్టల కోసం స్తంభానికి పొద్దుతిరుగుడు గింజల డబ్బా వేలాడదీసింది. పొద్దున చూస్తే గింజలే కాదు, డబ్బా కూడా లేదు. నాన్న సూట్‌కేసులోంచి కారం పొట్లం తీశారు. ఇది వినడానికి హాస్యంగా ఉన్నా శాస్త్రం ఆయన వైపే ఉంది: మిరపలోని క్యాప్సైసిన్ మంట పిట్టలకు తెలియదు, పాలిచ్చే జంతువులకు తెలుస్తుంది. అందుకే పళ్లు తిని గింజలు దూరంగా విసర్జించే పని మిరప మొక్క పిట్టలకు అప్పగించింది. కారం కలిపిన గింజలు ఇక్కడి కొట్లలోనే అమ్ముతారు. మా కారానికి ఉడతలు మానేశాయి. ఆవిడ కూడా కొంతసేపు తుమ్ముతూ పెరట్లోకి రావడం మానేసింది. వాన పడగానే కారం కొట్టుకుపోయింది, రకూన్ మళ్లీ హాజరు.

చివరికి ఆవిడ మనవడు స్తంభానికి నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తున, రెండడుగుల పైచిలుకు పొడవున్న నున్నటి రేకు గొట్టం తొడిగాడు. నాన్న చూసి నవ్వారు. "ఇదేముందిరా, కొబ్బరిచెట్టుకు ఎలుకలెక్కకుండా మనం కట్టే రేకేగా!" అదే. గోరు దిగని చోట ఆ చేతులు ఏమీ చేయలేవు. స్తంభం చెట్టుకూ గోడకూ దూరంగా ఉండాలి, లేకపోతే పైనుంచి దూకుతుంది. చీకటి పడేముందు డబ్బా లోపల పెట్టేస్తే రేకు కూడా అక్కర్లేదు, కానీ మతిమరుపు ఉన్నవాళ్లకు రేకే మేలు.

ఆవిడ కోళ్ల సంగతి చెప్పాలంటే నవ్వు రాదు. చికెన్ వైరు అని అమ్మే ఆరుమూలల కన్నాల వల కోడిని లోపల ఉంచుతుందే గానీ రకూన్‌ను బయట ఉంచదు. చించుతుంది. చించలేకపోతే కన్నంలోంచి చెయ్యి పెట్టి, దగ్గరగా పడుకున్న కోడిని అందినంతవరకు లాక్కుంటుంది. దానికి కావలసింది అర అంగుళం కన్నాల గట్టి వెల్డింగు వల. తవ్వి రాకుండా నేలలోకి ఒక అడుగు దించాలి. తలుపుకు ఎత్తి, ఆపైన లాగితే తప్ప రాని గొళ్లెం ఉండాలి. మా ఊళ్లో సాయంత్రం గంప మూసి, పైన రాయి పెట్టేవాళ్లం. ఈ గడ్డమీద ఆ రాయిని కూడా ఎవరో ఒకరు దొర్లించేస్తారు.

మొక్కజొన్నకు తీగలే గతి. నేలకు 6 అంగుళాల ఎత్తున ఒకటి, 12 అంగుళాల ఎత్తున ఇంకొకటి, పొత్తులు ముదరక ముందే కట్టాలి. తీగ అనగానే నాన్న ముఖం మారింది. మన పల్లెల్లో పందుల కోసం లైను నుంచి నేరుగా కరెంటు పెట్టి, తెల్లారి మనుషుల శవాలు తీసిన కథలు ఆయనకు తెలుసు. ఇది అది కాదు. కంచెల కోసమే చేసిన పెట్టె ఆగి ఆగి చిన్న చురక పంపుతుంది, ముక్కు తగిలిన జంతువు వెనక్కి తిరుగుతుంది. లైను కరెంటు ఏ జంతువుకైనా, ఏ దేశంలోనైనా పెట్టకూడదు.

పట్టి దూరంగా వదిలేద్దాం అనేవాళ్లకు ఒక మాట. చాలా రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకోదు. తూర్పు తీరంలో రకూన్లకు రేబిస్ ఉంది, దాన్ని ఆపడానికి ప్రభుత్వం టీకా మందు పెట్టిన ఎరలను విమానాల్లోంచి కూడా చల్లుతుంది. మీరు కారు డిక్కీలో పెట్టుకుని పక్క ఊరికి రోగాన్ని చేరవేస్తే బాగోదు. ఇక రకూన్లు ఒకేచోట పేరబెట్టే పెంటలో మనుషులకు ప్రమాదమైన ఏలికపాముల గుడ్లుంటాయి, చీపురుతో ఊడ్చే ముందు అది గుర్తుంచుకోవాలి.

పెంచుకోవచ్చుగా అని నాన్న ఒకసారి అడిగారు. 1926లో థాంక్స్‌గివింగ్ విందుకు వండుకొమ్మని మిసిసిపీ నుంచి బతికున్న రకూన్‌ను పంపితే, అధ్యక్షుడు కూలిడ్జ్ వండించకుండా రెబెకా అని పేరుపెట్టి వైట్‌హౌస్‌లో పెంచారు. ఆయనకు వైట్‌హౌస్ ఉంది, జీతానికి తోటమాలులున్నారు. మనకు రెండు సాళ్ల మొక్కజొన్న ఉంది. ముద్దుగా ఉందని బిస్కెట్టు వేసే ఇల్లు వీధికి ఒక్కటున్నా చాలు, మిగతా ఇళ్ల రేకులూ తీగలూ అన్నీ దండగ. ఆ ఇల్లు మీది కాకుండా చూసుకోండి, దయచేసి.