మిర్చి ల్యాబ్ ఇంటర్వ్యూకి తలకిందుల సలహాలు

గుంటూరు చుట్టుపక్కల మిర్చి, పత్తి పరీక్షించే ల్యాబుల్లో అనలిస్టు పోస్టుకి వెళ్తున్న పిల్లలకి ఈ మాటలు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్ళయినా, బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ చేసినవాళ్ళయినా సరే. బల్లకి అవతలివైపు కూర్చుని ప్రశ్నలు వేసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. కోచింగ్‌లో మీరు విన్నవాటికి ఇవి పూర్తిగా ఎదురుగా ఉంటాయి.

తెలియనిదాన్ని తెలియదని గట్టిగా చెప్పండి. "ఏదో ఒకటి చెప్పెయ్, బెల్లంకొట్టిన రాయిలా కూర్చోకు" అని అన్నయ్యలూ సీనియర్లూ నూరిపోస్తారు. ఎల్‌సీ-ఎంఎస్ వాడావా అని అడిగితే, దాన్ని కంటితో చూడని అబ్బాయి కూడా "వాడాను సార్" అనేస్తాడు. రెండో ప్రశ్నకి దొరికిపోతాడు. "లేదండీ, మా కాలేజీలో హెచ్‌పీఎల్‌సీ ఒక్కటే ఉంది. బేస్‌లైన్ నిలవకపోతే ముందు మొబైల్ ఫేజ్‌లో గాలి బుడగలున్నాయేమో చూసేవాణ్ని" అన్న పిల్లవాడికి నేను మార్కులు వేస్తాను. ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ బి1 అనే బూజు విషానికి ఐరోపా సమాఖ్య పెట్టిన హద్దు కిలోకి 5 మైక్రోగ్రాములు. అంటే టన్ను కాయల్లో 5 మిల్లీగ్రాములు. ఊహించి జవాబు చెప్పే అలవాటున్న మనిషి చేతికి అంత సన్నటి లెక్క ఎలా అప్పగిస్తాం?

లెక్క ఇస్తే గబగబా నోటితో చెప్పకండి. వెయ్యి పీపీఎం ద్రావణం నుంచి 10 పీపీఎంది 100 మిల్లీలీటర్లు తయారుచెయ్యమంటారు. కాగితం అడగండి, రాయండి, ఒక మిల్లీలీటరు అని తేలాక మళ్ళీ వెనక్కి లెక్కేసి సరిచూడండి. అవతలివాళ్ళు విసుక్కున్నా ఫరవాలేదు.

ఇంటర్వ్యూకి ముందు పుస్తకాలు మూసేసి, పొద్దున్నే మిర్చి యార్డుకి వెళ్ళండి. ఘాటుకి దగ్గొస్తుంది, ముక్కుకి రుమాలు కట్టుకోండి. కొనేవాళ్ళు టిక్కీలో (మిర్చి బస్తాలో) చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీసి, తాలు ఎంత ఉందో, తొడిమ దగ్గర తేమ ఉందో లేదో ఎలా చూస్తారో గమనించండి. అడుగు కాయ పైకి తెచ్చి చూస్తున్నారా, పైపైనే చూస్తున్నారా? మన పనిలో సగం అక్కడే ఉంది. బూజు లోడంతా సమానంగా పట్టదు. కళ్లంలో తడిసిన ఓ మూల కాయల్లోనే విషమంతా ఉండి, మిగతావి శుభ్రంగా ఉండొచ్చు. ఏ టిక్కీల నుంచి తీశారు, ఎంత తీశారు, అన్నీ కలిపి పొడి చేశారా లేదా అన్నదాన్ని బట్టే అంకె మారిపోతుంది. ఎంత ఖరీదైన మిషనయినా తప్పు శాంపిల్‌ని ఒప్పు చెయ్యలేదు. అందుకే "అఫ్లాటాక్సిన్ ఎలా చూస్తావు?" అని అడిగితే మిషను పేరుతో మొదలెట్టకండి, టిక్కీ దగ్గర మొదలెట్టండి. పత్తి అడిగినా అంతే. భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలులో తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే అసలు కొనరు. మంచుకి తడిసిన పత్తిని పొద్దున్నే ఏరి బోరాల్లో కుక్కితే రైతుకి జరిగే నష్టం తెలిసినవాడే తేమ మీటరుని జాగ్రత్తగా పట్టుకుంటాడు.

"ఫలితం హద్దు దాటింది, పార్టీ ఫోన్ చేసి అరుస్తోంది. ఏం చేస్తావు?" ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. "మళ్ళీ టెస్ట్ చేస్తాను సార్" అన్నది అందరూ బట్టీ పట్టిన జవాబు. మీరు "ఊరికే చెయ్యను" అనండి. ప్రామాణికాలు, బ్లాంకు సరిగ్గా వచ్చాయో లేదో చూస్తాను, తప్పు కనబడితే కారణం రాసి మళ్ళీ చేస్తాను, రెండు అంకెలూ రికార్డులో ఉంచుతాను అనండి. పాసయ్యేదాకా పరీక్షించడం మోసం. మోసం బయటపడితే దెబ్బ ఎవరికి తగులుతుందో చూడండి. మన మిరపపొడిలో, ఆహారంలో వాడకూడని సుడాన్ 1 రంగు 2003లో ఐరోపాలో బయటపడింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో అదే రంగున్న పొడి ఒక సాసులో కలిసి, వందల రకాల ఆహార పదార్థాల్ని దుకాణాల నుంచి వెనక్కి తీయించింది. రంగు కలిపినవాడు ఎవరో, మాట పడింది మాత్రం రంగు జోలికే పోని మన రైతు.

చివర్లో "నువ్వేమైనా అడుగుతావా?" అంటే, "ఏమీ లేవు సార్, థాంక్స్" అని లేవకండి. బ్యాలెన్స్ చివరిసారి ఎప్పుడు కాలిబ్రేట్ చేశారని, రిపోర్టు మీద సంతకం ఎవరిదని, ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఏయే పరీక్షలకుందని అడగండి. కుర్రకుంక మమ్మల్నే ఇంటర్వ్యూ చేస్తున్నాడని మండిపడే చోట జీతం ఎంతిచ్చినా చేరకండి. రేపు తప్పు అంకె కింద సంతకం పెట్టమనేది వాళ్ళే.

ఇంకొక్కటి. ప్రాజెక్టు రికార్డుని ఫెయిర్ చేసి తీసుకెళ్ళకండి. మరకలున్న అసలు పుస్తకమే పట్టుకెళ్ళండి. తప్పు రాసిన అంకె మీద ఒకే గీత గీసి, పక్కన సరైనది వేసి, తేదీ, పొట్టి సంతకం పెట్టిన పేజీ తెరిచి చూపించండి. ఆ పేజీ చూసి మిమ్మల్ని తీసుకునే ల్యాబులున్నాయి, వాటికే అప్లై చెయ్యండి.