తోలు తీసే టోలు

ముప్పై నాలుగేళ్లు సబ్ ట్రెజరీలో పనిచేశాను. నా టేబుల్ మీదికి వచ్చిన బిల్లు మొదటిసారే పాసైందంటే ఆ రోజు నాకు ఒంట్లో బాగా లేదని అర్థం. ప్రయాణం తేదీ వేసి వేళ వెయ్యని టీఏ బిల్లు, అంకెల్లో ఒకటీ అక్షరాల్లో ఇంకొకటీ రాసిన జీతాల బిల్లు, వోచరు జతపరచని కంటింజెంట్ బిల్లు, ఇలాంటివాటిని ఎర్ర సిరాతో ఆబ్జెక్షన్ రాసి తిప్పి పంపిన చెయ్యి ఇది. మా తాలూకా హెడ్మాస్టర్లు నేను ఎదురుపడితే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచేవారు. అలాంటి నేను పోయిన జూన్‌లో ముక్కూ మొహం తెలియనివాడెవడో పంపిన మూడు లైన్ల బిల్లుకి మారు మాట్లాడకుండా పాస్ ఆర్డర్ వేశాను. ఈ సంగతి గుడివాడలో తెలిస్తే ఆ హెడ్మాస్టర్లందరూ చందాలు వేసుకుని నాకు సన్మానం చేస్తారు. అయినా రాస్తున్నాను.

అప్పుడు మేమిద్దరం టెక్సస్‌లో, డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నాం. అమెరికా వెళ్లిన తల్లిదండ్రుల ఉద్యోగాలు తెలిసినవే. ఆవిడకి వంటిల్లు, నాకు పోస్టు డబ్బా. రోజూ మధ్యాహ్నం వెళ్లి డబ్బా తెరిచి, పిజ్జా కాగితాలు ఒకవైపు, ఇన్సూరెన్సు కాగితాలు ఒకవైపు పేర్చి ఇన్‌వర్డ్ నంబర్లు వేసేవాణ్ణి. ఎవరూ అడగలేదు. అలవాటు. మా వాడు తన పాత ఐఫోన్‌లో అమెరికా సిమ్ము వేసి, "ఎక్కడైనా తప్పిపోతే ఫోన్ చెయ్యి నాన్నా" అని నా జేబులో పెట్టాడు.

ఒకరోజు సాయంత్రం నాలుగింటికి ఆ ఫోన్ టింగుమంది. మీ వాహనం తాలూకు టోలు 6.99 డాలర్లు బాకీ ఉంది, ఈ రాత్రిలోగా కట్టకపోతే 50 డాలర్లు జరిమానా, ఆపైన రిజిస్ట్రేషన్ రద్దు, ఆపైన కోర్టు. కింద ఒక లింకు.

నాకు వాహనం లేదు. అమెరికాలోనే కాదు, భూమండలంలో ఎక్కడా లేదు. గుడివాడలో ఉండే టీవీఎస్ ఎక్సెల్ కూడా మా బావమరిది పేర ఉంది. ఆ ముక్క అక్కడే తట్టాలి కదా! తట్టలేదు. ఎందుకంటే ఆ ముందు ఆదివారమే మేం ఫ్రిస్కోలో హనుమంతుడి గుడికి వెళ్లాం. జార్జ్ బుష్ టర్న్‌పైక్ ఎక్కి, డాలస్ నార్త్ టోల్‌వే పట్టుకుని. ముందు సీట్లో కూర్చున్నది నేనే. ఈ దేశంలో ముందు సీటువాడి పేర బిల్లు వేస్తారేమో ఎవరికి తెలుసు?

మన పంతంగి టోల్‌ప్లాజా దగ్గరైతే గేటుంటుంది. సంక్రాంతికి ఊరెళ్తూ అక్కడ నిలబడి నిలబడి కాళ్లు పీక్కుపోయాక, కర్ర పైకి లేస్తే "హమ్మయ్య, కట్టేశాం" అనే తృప్తి ఉంటుంది. డాలస్‌లో గేటు లేదు, కర్ర లేదు, చిల్లర లేదనే మనిషీ లేడు. రోడ్డుకి అడ్డంగా నెత్తిమీద ఒక ఇనుప తోరణం, దానికి కెమెరాలు. కారు దాని కిందినుంచి డెబ్భై మైళ్ల వేగంతో పోతుంది. కట్టామో, బాకీ పడ్డామో ఆ దేవుడికీ ఆ కెమెరాకీ తప్ప ఎవరికీ తెలియదు. దొంగ కాపురం పెట్టింది సరిగ్గా ఈ సందులోనే.

"ఏడు డాలర్లంటే ఆరు వందలు! అంత దూరానికి ఆరు వందలా?" అంది మా ఆవిడ.

"కట్టకపోతే నాలుగు వేల పైచిలుకు జరిమానా" అన్నాను.

"జరిమానా సంగతి తర్వాత. కోర్టంటే కేసే కదండీ. కేసుంటే వాడి గ్రీన్ కార్డో?"

అంతే, ఇద్దరం సోఫాలో కూలబడ్డాం. పదకొండేళ్లుగా వాడు ఆ గ్రీన్ కార్డు క్యూలో నిలబడి ఉన్నాడు. ఆ క్యూ కదలడానికి మా ఆవిడ మొక్కని దేవుడు లేడు. అలాంటిది ముందు సీట్లో కూర్చున్న తండ్రి ఆరు డాలర్ల బాకీతో కొడుకు భవిష్యత్తుని బుగ్గిపాలు చేస్తాడా? ఆఫీసు వేళలో వాడికి ఫోన్ చేస్తే విసుక్కుంటాడు. గుట్టుగా నేనే కట్టేద్దామనుకున్నాను. ఆరు వేలైతే ఆలోచించేవాణ్ణి. ఆరు వందలకి ఆలోచించడం నామోషీ.

లింకు నొక్కితే తెరుచుకోలేదు. ఆ ఫోన్‌లో తెలియని నంబరునుంచి వచ్చిన లింకులు వాటంతటవి తెరుచుకోవట. మెసేజీ అడుగున దానికీ ఉపాయం రాసి ఉంది: వై అని జవాబివ్వండి, మెసేజీ మూసి మళ్లీ తెరవండి, అప్పుడు వస్తుంది. లోపల గొళ్లెం పెట్టుకుని కూర్చుంటే, బయటనుంచి దొంగ దాన్ని ఎలా తియ్యాలో మర్యాదగా చెప్తున్నాడు. నేనూ అంతే మర్యాదగా తీశాను.

పేజీ ఠక్కున వచ్చింది. రంగులూ, ముద్రా, తాళంకప్ప బొమ్మా! నా సర్వీసులో అంత వేగంగా తెరుచుకున్న ప్రభుత్వ వెబ్‌సైటు లేదు. అనుమానించడానికి ఆ ఒక్క కారణం చాలు. కానీ అమెరికా కదా అని సరిపెట్టుకున్నాను. పేరు, చిరునామా, పెన్షన్ ఖాతా డెబిట్ కార్డు నంబరు, వెనక మూడంకెలు, అన్నీ కొట్టాను. విదేశాల్లో పనిచేసేలా ఆ కార్డు తెరిపించడానికి బయల్దేరే ముందు నెల్లాళ్లు బ్యాంకు చుట్టూ తిరిగాను. ఆ శ్రమ ఇన్నాళ్లకి ఫలిస్తోందని లోలోపల మురిసిపోయాను కూడా.

ఓటీపీ కొట్టమంది.

ఓటీపీ వచ్చేది నా ఇండియా నంబరుకి. ఆ నంబరున్న డబ్బా ఫోను గుడివాడలో మా బావమరిది రాంబాబు దగ్గర ఉంది. అక్కడ అర్ధరాత్రి రెండున్నర. అయినా చేశాను.

"ఎవరు పోయారు బావగారూ?" అన్నాడు రాంబాబు, లేస్తూనే.

"ఎవరూ పోలేదు. నా ఫోన్‌కి ఓటీపీ వచ్చింది చూడు. టోలు కట్టాలి."

కళ్లజోడు కోసం, ఫోన్ కోసం, లైటు స్విచ్చి కోసం వెతుకులాట. ఇక్కడ పేజీలో గడియారం వెనక్కి నడుస్తోంది, యాభై తొమ్మిది, యాభై ఎనిమిది. చివరికి, "వచ్చింది" అన్నాడు.

"చెప్పు."

"చెప్పకూడదట."

"ఏమిటీ?"

"ఈ ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు అని రాసుంది బావగారూ."

"ఒరేయ్, ఫోన్ నాది, కార్డు నాది!"

"కావచ్చు. ఎవరికీ అంటే ఎవరికీనే కదా. మీకు మాత్రం చెప్పొచ్చని వెయ్యలేదు."

మా పెళ్లైన ముప్పై ఎనిమిదేళ్లలో రాంబాబు ఏ కాగితమూ పూర్తిగా చదవగా చూడలేదు. సంతకం పెట్టమంటే ముందు పెట్టి తర్వాత ఎందుకని అడిగే రకం. నా ఖర్మ కాలి ఆ రాత్రి వాడికి అక్షరాస్యత పట్టింది. నేను అరిచాను. మా ఆవిడ ఫోన్ లాక్కుని, "తమ్ముడూ, అక్కనిరా, చెప్పరా" అని బతిమాలింది. వాడు మెసేజీ మొదటినుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టాడు.

"బావగారూ, టోలు ఎంతన్నారు?"

"ఆరు డాలర్ల తొంభై తొమ్మిది సెంట్లు."

"ఇక్కడ 1,249 డాలర్లని ఉందే. మీరు టోలు కడుతున్నారా, టోల్‌గేటు కొంటున్నారా?"

చేతిలో ఫోన్ జారి సోఫాలో పడింది. లక్షా ఏడు వేలు. రెండు నెలల పెన్షన్. బిల్లు మొత్తం ఒకటి, మంజూరుకి వచ్చింది ఇంకొకటి! ఆ తేడాని పట్టుకున్నది ఇంటర్ రెండుసార్లు తప్పిన మా రాంబాబు.

సాయంత్రం మా వాడు వస్తూనే విషయం విని, బూట్లైనా విప్పకుండా ముందు బ్యాంకుకి ఫోన్ చేయించి కార్డు ఆపించాడు. ఓటీపీ చెప్పలేదు కదరా అంటే, నంబరూ వెనక మూడంకెలూ ఇచ్చాక ఓటీపీ అడగని విదేశీ దుకాణాలు బోలెడున్నాయి అన్నాడు. ఆ తర్వాత నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నేను వాడికి ఎక్కాలు అప్పజెప్పించుకున్న గొంతుతోనే అడిగాడు.

"బిల్లు మీద బండి నంబరు ఉందా నాన్నా?"

"లేదు."

"ఏ రోడ్డు?"

"వెయ్యలేదు."

"తేదీ, వేళ?"

"ఊహూఁ."

"ఇలాంటి టీఏ బిల్లు మీ ట్రెజరీకి వస్తే?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. పొరుగింటి కుక్క కూడా నావైపే చూస్తోంది.

మెసేజీ వచ్చిన నంబరు ప్లస్ అరవై మూడుతో మొదలైంది. అది ఫిలిప్పీన్స్. టెక్సస్ రోడ్డుకి మనీలాలో వసూళ్లా? ఇక లింకు చిరునామాలో ముందు టోలు సంస్థ పేరులాంటిది ఉంది, తర్వాత ఒక అడ్డగీత, చివర చుక్క పెట్టి 'టాప్' అని. కవరు మీద వీధి పేరు గుడివాడ అని వేసి, ఊరి పేరు దగ్గర ఇంకేదో రాసినట్టన్నమాట. పోస్ట్‌మ్యాన్ చూసేది ఊరి పేరే. కొన్నిటికి ఆ తోక 'షిన్' అని, కొన్నిటికి 'విఐపి' అని ఉంటుందట. ఇక్కడి టోల్‌వే అథారిటీ అసలు పద్ధతి వేరు. అద్దానికి టోల్‌ట్యాగ్ స్టిక్కరుంటే ఖాతాలోంచి తీసుకుంటారు. లేకపోతే బండి నంబరు ఫోటో తీసి, ఓనరు ఇంటికి పోస్టులో బిల్లు పంపుతారు. దానికి జిప్‌క్యాష్ అని పేరు.

"మరి వాడు ఆరు డాలర్ల కోసం ఇంత కష్టపడ్డాడా?" అన్నాను.

"ఆరు డాలర్లు ఎర నాన్నా. అదే మా అమెరికా కార్డైతే ఆ ఓటీపీతో వాడు మన కార్డుని తన ఫోన్‌లో వాలెట్‌లోకి ఎక్కించుకుంటాడు. ఆ తర్వాత ఏ షాపుకెళ్లి ఫోన్ తాకించినా ఖర్చయ్యేది మన డబ్బే. కొన్ని పేజీలైతే బటన్ నొక్కేదాకా కూడా ఆగవు. మనం కొడుతుంటేనే ఒక్కో అంకే వాడికి చేరిపోతుంది."

నా పరువు కాస్త నిలబెట్టిన మాట ఒకటే. ఈ గోతిలో నేను మొదటివాణ్ణి కాదు. 2024 మార్చి మొదట్లో ఈ మోసం మొదలైతే, ఏప్రిల్ మధ్యకే ఎఫ్‌బీఐ ఫిర్యాదుల కేంద్రానికి రెండు వేల పైన ఫిర్యాదులు వచ్చాయి. ఆ ఏడాది మొత్తానికి యాభై తొమ్మిది వేలు దాటాయి. టోలు రోడ్డే లేని రాష్ట్రాలవాళ్లకి కూడా బాకీ మెసేజీలు వెళ్లాయంటే చూడండి. ఒక్కో ఊరు చూసి పంపేది కాదు, వల విసరడమే. ఈ దొంగ పేజీలు తయారుచేసి అద్దెకిచ్చే ముఠాలున్నాయి. లైట్‌హౌస్ అనే అలాంటి సరంజామా మీద 2025 నవంబరులో గూగుల్ న్యూయార్క్ కోర్టులో దావా వేసింది. షామియానాలూ, వంట గిన్నెలూ అద్దెకివ్వడం ఎరుగుదుం గాని, మోసం అద్దెకివ్వడం ఏమిటండీ!

మర్నాడు పొద్దున్నే పార్కుకి వెళ్లాను. ఇర్వింగ్‌లో గాంధీగారి విగ్రహం ఉన్న పార్కు అది. మాలాంటి తాతలు అరడజను మంది అక్కడ కూడతాం. ఆయన ఎదుట అబద్ధమాడలేక ఉన్నదంతా చెప్పేశాను. నవ్వుతారనుకుంటే ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే ఫోన్లు తీశారు. అందరికీ 6.99. ఆర్టీసీలో డిపో మేనేజరు చేసినాయన, "నేనూ నా బస్సులూ ముప్పై ఏళ్లు రోడ్ల మీదే ఉన్నాం, నాకే టోలు నోటీసా" అని కోపంతో చెరిపేశాడట. అందరికంటే అన్యాయమైపోయింది బ్యాంకు మేనేజరుగా రిటైరైన పెద్దాయన. కౌంటరు ముందు నిలబడ్డ వెయ్యిమందికి ఓటీపీ చెప్పొద్దని బోధించిన నోరు. కోడలి కార్డుతో కట్టేసి, "నీ బాకీ తీర్చానమ్మా" అని చెప్పి మరీ సంతోషపడ్డాడు. మూడో రోజు ఆ కార్డు మీద ఎవరో గిఫ్ట్ కార్డులు కొనుక్కున్నారు. కోడలు ఒక్క మాటా అనలేదట. "అంటే బాగుండేది" అన్నాడాయన, బూటు తాడు విప్పి మళ్లీ కడుతూ. అప్పులు ఎగ్గొట్టేవాడు ఈ మెసేజీకి పడడండీ. కరెంటు బిల్లు గడువుకి నాలుగు రోజుల ముందే కట్టే మా బోటివాళ్లే పడేది.

మా మనవడు మాత్రం దీన్ని ఆటగా మార్చాడు. అలాంటి మెసేజీ వచ్చినప్పుడల్లా, "తాతయ్యా, ఇటివ్వు" అని లాక్కుని 7726కి పంపుతాడు. ఫోన్ కంపెనీలకి దొంగ మెసేజీలు పట్టిచ్చే నంబరు అది. మీటల మీద స్పామ్ అనే ఇంగ్లీషు మాట కొడితే వచ్చే అంకెలు. నేనైతే ఇప్పటికీ పంపేముందు ఇన్‌వర్డ్ నంబరు వెయ్యాలనే చూస్తాను.

ఇంతలో గుడివాడనుంచి ఫోన్. రాంబాబుకి వాట్సాప్‌లో ఈ-చలానా వచ్చింది. హెల్మెట్ లేదని వెయ్యి రూపాయలు, వివరాలకి ఈ ఏపీకే ఫైలు దింపుకోండి అని. అది గాని దింపితే ఫోన్‌కొచ్చే ఓటీపీలన్నీ దొంగ నేరుగా చదువుకుంటాడు. ఎవరికీ చెప్పననే రాంబాబు పట్టుదలకి ఇక పనే ఉండదు. "దింపావా?" అన్నాను గుండె చిక్కబట్టుకుని. "దింపమని ఉంది గాని, దింపాలని ఎక్కడా లేదు కదా బావగారూ" అన్నాడు. ఆ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. పరివాహన్ సైటులో బండి నంబరు కొట్టి చూడమన్నాను. ఏమీ లేదు. పోగొట్టుకుంటే వెంటనే 1930కి చెయ్యాలని కూడా చెప్పాను. "అసలు పోగొట్టుకోవడమెందుకు?" అన్నాడు వాడు. ఆ రాత్రినుంచి వాడితో మాట్లాడటం కష్టంగానే ఉంది.

జూలై మూడో వారంలో పోస్టు డబ్బాలో ఒక కవరు దొరికింది. జిప్‌క్యాష్ బిల్లు! అబ్బాయి పేరు, చిరునామా, బండి నంబరు, అన్నీ అచ్చులో. కోడలికి మేలో కొన్న పాత కారుకి స్టిక్కరు అంటించడం మా వాడు మర్చిపోయాడు. ఆత్రంగా కళ్లజోడు పెట్టుకున్నాను. ప్రతి ప్రయాణానికీ తేదీ ఉంది, వేళ ఉంది, ఏ తోరణం కిందినుంచి పోయారో ఉంది, పక్కన మొత్తం ఉంది. ఎన్నేళ్లకి చూశాను ఇలాంటి బిల్లు! అయినా అందులో వేసిన ఫోన్ నంబరు నమ్మకుండా, టోల్‌వే అథారిటీ వెబ్‌సైటుని మనవడి చేత విడిగా తెరిపించి, బండి నంబరు కొట్టించి సరిచూశాను. పైసాతో సహా సరిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర, అందరూ ఉండగా, గట్టిగా చదివి పాస్ చేద్దామని కూర్చున్నాను.

"జూన్ ఆఖరి వారం, మంగళవారం, సాయంత్రం ఆరు నలభై. జార్జ్ బుష్ టర్న్‌పైక్, దక్షిణంగా, గ్రాండ్ ప్రైరీ వైపు. తిరిగి రాత్రి పదకొండు ఇరవై" అన్నాను. "ఒరేయ్, ఆ మంగళవారం ఆఫీసులో రిలీజు ఉందని కదూ కోడలి కారు పట్టుకెళ్లావు? మీ ఆఫీసు ఉత్తరాన కదా ఉంది?"

కోడలు గరిటె ఆపింది. "గ్రాండ్ ప్రైరీలో క్రికెట్ స్టేడియం ఉంది మావయ్యగారూ" అంది నెమ్మదిగా. "ఆ వారం అక్కడ టెక్సస్ సూపర్ కింగ్స్ మ్యాచ్‌లు."

మా వాడు అన్నం ముద్ద మింగి, నా చేతిలోంచి కాగితం తీసుకుని, దీపానికి ఎత్తి పట్టి, ఇటూ అటూ తిప్పి చూశాడు.

"నాన్నా, ఇది దొంగ బిల్లులా ఉంది" అన్నాడు.