దారి చెప్పే అమ్మగారికి బహిరంగ లేఖ

ఫోన్లో కాపురముంటూ లోకానికంతటికీ దారి చెప్పే అమ్మగారి సముఖమునకు, రాజమహేంద్రవరం నుంచి ఒక పాత కారు ఓనరు నమస్కరించి రాయునది.

విషయం: రాబోయే ఆదివారం అంతర్వేది ప్రయాణంలో తమరు కాస్త నోరు మెదపకుండా ఉండవలసిందిగా మనవి.

అమ్మా! మీరు చేసిన మేలు మరిచేవాణ్ణి కాను. హైదరాబాదులో ఎన్ని పెళ్లి మంటపాలు మీ దయవల్ల దొరికాయో, విశాఖలో ఎన్ని సందులు మీ చలవతో దాటానో నాకు తెలుసు. కానీ పోయిన కార్తీకంలో జరిగింది కడుపులో పెట్టుకోలేకపోతున్నాను.

ఆ రోజు మేం ధవళేశ్వరం బ్యారేజీ దాటి కాలవగట్టు వెంట పోదామనుకున్నాం. మీరేమో "ఇరవై నిమిషాలు ఆదా" అంటూ హైవే ఎక్కించారు. స్టీరింగు పట్టుకున్న మా బావ మీ మాట జవదాటడు. మా అక్క మాట అందులో సగం విన్నా ఆ ఇల్లు ఇంకోలా ఉండేది. ఎక్కడా ఆగకుండా అంతర్వేది చేరేసరికి మధ్యాహ్నమై గుడి తలుపులు మూసేశారు. మీరు మిగిల్చిన ఇరవై నిమిషాలకు మావి రెండు గంటలు కలిపి, చెప్పుల స్టాండు పక్కన కూర్చుని ఖర్చుపెట్టాం.

అందుకే ఈసారి దారి మేమే రాసుకున్నాం. మా అమ్మ చెబుతుంటే పాత డైరీలో నేను రాశాను. తమ దృష్టికి తెస్తున్నాను.

మొదటి మజిలీ ధవళేశ్వరం. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది ఇక్కడే. ఇప్పుడున్నది ఆ తర్వాత కట్టిన బ్యారేజీ. గోదారి గౌతమి, వశిష్ఠలుగా చీలేదీ ఇక్కడే. మా అమ్మ కారు దిగి, నీళ్లలో రూపాయి బిళ్ల వేసి, మనవలందరి పేర్లూ వరసగా చెప్పి దండం పెట్టుకుంటుంది. మనవలు తొమ్మిది మంది. మీ లెక్కలో ఈ సమయం కలిపారా?

రెండోది ఆత్రేయపురం. పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఊరు. డబ్బా కొనుక్కుని పరిగెత్తడానికి కాదు, రేకు తీయడం చూడ్డానికి ఆగుతాం. బోర్లించిన కుండ కింద మంట. పలచటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగుతారు. చుయ్యిమంటుంది. రెండో ఊపిరి తీసేలోగా ఉల్లిపొరలాంటి రేకు చేతిలోకి వచ్చేస్తుంది. ఇంత వేగం మీకూ లేదు తల్లీ. అయినా రేకు తీసే ఆవిడ ఎవర్నీ తొందరపెట్టదు.

మూడోది లొల్ల లాకులు. తమరికి ఆ పేరు పలకడమే రాదు గానీ, తమరు చూసి తీరాల్సిన చోటు ఇదే. కాలవలే హైవేలైన రోజుల్లో ధాన్యం పడవ లాకులోకొచ్చి ఆగేది. వెనక తలుపులు మూసి, ముందు నుంచి నీళ్లు వదిలేవారు. పడవ మెల్లగా కిందికి దిగి, అవతలి నీళ్లతో మట్టం కలిశాకే ముందు తలుపులు తెరుచుకునేవి. లోపలున్నది ఎవరి ధాన్యమైనా సరే, మట్టం కలిసేదాకా కదిలేది లేదు. అంటే మా సీమలో దారి వేసిన రోజునే ఆగడం కూడా లెక్కగట్టి వేశారు. దాన్ని "ఆలస్యం" అని ఎర్రగీత గీసింది మీరొక్కరే.

నాలుగోది గన్నవరం. వైనతేయ మీదుగా కాలవ నీళ్లను అవతలి లంకకు దాటించే అక్విడక్టుకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళగాని వేళ వచ్చిన బాటసారికి కూడా పొయ్యి రాజేసి అన్నం పెట్టిన ఇల్లాలు. 1909లో కన్నుమూసినా ఇవాళ్టికీ మా వైపు ఆవిడ పేరెత్తకుండా అన్నదానం మాట రాదు. ఆ రోజుల్లో మీరుండి, "ఆగకుండా ముందుకు సాగండి" అని బాటసారులందరికీ చెప్పుంటే, ఆ తల్లి విస్తర్లేసుకుని ఎవరికోసం ఎదురుచూసేది?

ఆ పైన రాజోలు మీదుగా అంతర్వేది. గుడి తలుపులు తెరిచే వేళకే చేరతాం. దర్శనమయ్యాక వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు చూస్తాం.

కాబట్టి నా విన్నపాలు మూడు. ఒకటి, కాలవగట్టు ఎక్కగానే "వెనక్కి తిరగండి" అనకండి. మేం దారి తప్పలేదు. రెండు, బొండాల బండి దగ్గర కారాపితే ఊరుకోండి. లేత కొబ్బరి చెంచాతో గీరుకు తినడానికి వ్యవధి కావాలి. మూడు, ఎన్నింటికి చేరతామో చెప్పకండి. చెబితే మా బావ యాక్సిలరేటర్ తొక్కుతాడు.

వేసవి వస్తే కాలవలు కట్టేస్తారు. గట్టు పక్కన నీళ్లుండగానే వెళ్లి రావాలి. మాకున్న తొందర అదొక్కటే.

ఇట్లు,
తమ విధేయుడు, ఆ ఒక్క ఆదివారం తప్ప.

తా.క.: సాయంత్రం సఖినేటిపల్లిలో కారును పంటు ఎక్కించి నర్సాపురం దాటుతాం. నది మధ్యలో మాత్రం "కుడివైపు తిరగండి" అనకండమ్మా. స్టీరింగు దగ్గర ఈసారీ బావే.