మా గొంగడి, మీ రెయిన్‌కోటు

మా రోజుల్లో గుట్ట ఎక్కడానికంటూ ఎవరూ ఏదీ కొనేవాళ్లు కాదు బిడ్డా. ఇప్పుడు ఓ ఆదివారం పూట వికారాబాద్ అనంతగిరి దాకా పోయి రావడానికి మీకు రెయిన్‌కోటు కావాలి, దాని లోపలికి ఇంకో కోటు కావాలి, మందపాటి అడుగుల బూట్లు కావాలి, వీపుకో సంచి, ఆ సంచి తడవకుండా సంచికో తొడుగు. సరే, కొనుక్కోండి. సేల్ పెట్టారని రెండేసి కొంటారే, అక్కడ నాకు మండుతుంది. "తాతా, సగం ధరకే వచ్చింది" అని మా మనవడు సంబరంగా చూపిస్తాడు. ఆ మిగతా సగం ఎవరి కూలిలోంచి కోశారో వాడు అడగడు. అడగాలని వాడికి ఎవరూ నేర్పలేదు.

మా ఊళ్లో వానొస్తే గొంగడి, చలేస్తే గొంగడి, పొలం కావలికి పోతే కింద పరుచుకునేదీ అదే. నల్ల గొర్రెల ఉన్ని ఏడాదికి రెండుసార్లు కత్తిరించేవాళ్లు. ఆడవాళ్లు రాట్నం మీద వడికేవాళ్లు, మగవాళ్లు గుంట మగ్గంలో కూర్చుని నేసేవాళ్లు. నేసే ముందు తెల్లారుజామున వీధి పొడుగునా పడుగు చాచి, చింతగింజలు నానబెట్టి నూరి కాచిన గంజిని కుంచెతో అటూ ఇటూ పట్టించేవాళ్లు. ఎండెక్కేలోపు ఆ పని అయిపోవాలి. బడికి పోతూ ఆ పడుగును తొక్కకుండా పక్కనుంచి ఒదిగి నడిచేవాళ్లం, తొక్కితే వీపు పగిలేది. కొత్త గొంగడి గుచ్చుకునేది. తడిస్తే బరువెక్కేది, గొర్రె వాసన కొట్టేది. మీ కోటు దానికంటే తేలికే, కాదనను. కానీ గొంగడిని తలమీంచి కొప్పెరలా వేసుకుని జడివానలో మందతోపాటు రోజంతా నిలబడ్డ మనిషికి ఆ వాసన అడ్డం రాలేదు.

నేను చెప్పదలచింది గొంగడి గొప్పతనం కాదు. మా నాయన గొంగడి దగ్గర గీసి గీసి బేరమాడేవాడు. అయితే నేసినాయన మా అరుగు మీదే, ఎదురుగా కూర్చుని ఉండేవాడు. ధర మరీ దించితే "పటేలా, మరి నా పిల్లలు ఏం తినాలె?" అని మొహం మీదే అడిగేవాడు. ఆ మాట దగ్గర బేరం ఆగిపోయేది. ఆ రోజుల్లో అందరికీ న్యాయం జరిగిందని నేను చెప్పను. వడికిన ఆడవాళ్ల కూలి అసలు లెక్కలోకే వచ్చేది కాదు. కానీ అన్యాయం చేస్తే ఎవరికి చేస్తున్నామో తెలిసేది. రేపు అదే మనిషి బావి దగ్గర ఎదురుపడేవాడు.

మీ కోటు మెడ వెనక చిన్న గుడ్డముక్క మీద ఒక దేశం పేరు ఉంటుంది, అంతే. ఎప్పుడైనా ఆ కోటు తిరగేసి చూడు. కుట్టు కుట్టుకీ నీళ్లు దిగకుండా లోపల సన్నటి పట్టీ వేడిమీద అతికించి ఉంటుంది. ఎక్కడా వంకర ఉండదు. అంత నిఖార్సైన పని చేసిన చేతికి నెల జీతం ఎంతో తెలుసా? బంగ్లాదేశ్‌లో బట్టల ఫ్యాక్టరీ కూలీలు 2023లో నెలకు కనీసం 23,000 టాకాలు ఇవ్వమని రోడ్డెక్కారు. ఆ గొడవల్లో ప్రాణాలు పోయాయి. చివరికి ఖాయమైంది 12,500.

దానికి పదేళ్ల ముందు, 2013 ఏప్రిల్ 24న, ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా కూలింది. ఎనిమిది అంతస్తులు. ముందురోజే గోడలు బీటలిచ్చాయి. కింద ఉన్న బ్యాంకు తన ఉద్యోగుల్ని ఇంటికి పంపేసింది. పైన బట్టలు కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పొద్దున్నే పనిలోకి ఎక్కించారు. 1,134 మంది పోయారు, ఎక్కువమంది ఆడవాళ్లే. అప్పుడు వాళ్ల కనీస జీతం నెలకు 3,000 టాకాలు. అక్కడ కుట్టినవి గుట్టలెక్కే కోట్లు కావు, రోజూ తొడుక్కునే బట్టలే. కానీ ఆర్డరిచ్చే తీరు ఒక్కటే. త్వరగా కావాలి, చౌకగా కావాలి, లేదంటే పక్క దేశానికి పోతాం.

మనవడు ఊరుకుంటాడా? "అయితే ఖరీదైన కంపెనీదే కొంటాలే తాతా" అంటాడు. ఖరీదు పెడితే పాపం పోతుందా? పటగోనియా అని అమెరికాలో కొండలెక్కేవాళ్ల కంపెనీ ఉంది, మంచిపేరున్నదే. దానికి బట్ట నేసే తైవాన్ మిల్లుల్లో వలస కూలీలు ఆ పని దొరకడానికే దళారులకు 7,000 డాలర్ల దాకా కట్టారని 2015లో బయటికొచ్చింది. తనిఖీ చేయించి ఆ సంగతి ఒప్పుకున్నది ఆ కంపెనీయే, అంతవరకు మెచ్చుకోవాలి. వెతికినవాడికే ఇంత దొరికితే వెతకనివాడి దగ్గర ఎంత ఉండాలి?

ఇది పరాయి దేశాల గోల అనుకోకు. తడ దగ్గర మాంబట్టులో తైవాన్ వాళ్ల ఫ్యాక్టరీలో అడిడాస్ బూట్లు తయారవుతాయి. విశాఖ పక్కన అచ్యుతాపురంలో శ్రీలంక వాళ్ల బ్రాండిక్స్ వెయ్యి ఎకరాల్లో ఉంది. తెల్లారకముందే కంపెనీ బస్సు కోసం క్యారేజీ పట్టుకుని రోడ్డు మీద నిలబడే ఆడపిల్లలు మన పిల్లలే. వాళ్ల జీతంతో ఇంట్లో తమ్ముడి ఫీజు కడుతున్నారు. అందుకే కొనడం మానెయ్యమని నేను చెప్పను. నువ్వు మానేస్తే ముందు ఊడేది ఆ పిల్ల కొలువు, యజమాని కారు కాదు. కొను, కానీ కుట్టిందెవరో, వాళ్లకు ఎంతిచ్చారో అడుగు.

అడిగితే ఏమవుతుందీ అంటావు. రాణా ప్లాజా తర్వాత లోకమంతా నిలదీస్తేనే కదా 200కు పైగా కంపెనీలు కార్మిక సంఘాలతో భవనాల భద్రత మీద చట్టానికి కట్టుబడే ఒప్పందం రాసుకున్నాయి! వాళ్లంతట వాళ్లకు దయ పుట్టి రాయలేదు. తమ సరుకు ఏ ఫ్యాక్టరీలో కుట్టిస్తారో పేర్లు బయటపెట్టే కంపెనీలున్నాయి, దాచేవీ ఉన్నాయి. ఫోన్‌లో రంగులూ సైజులూ అంతసేపు చూస్తావే, ఇదీ ఒక నిమిషం చూడు.

మీతో వచ్చిన చిక్కేమిటంటే, దేన్నీ అరగనివ్వరు. మా కిర్రు చెప్పులకు ఎన్నిసార్లు అడుగు వేయించామో, ఎన్ని వార్లు మార్పించామో. మీరు జిప్పు రన్నర్ ఊడితే కోటు పారేస్తారు. బజార్లో బ్యాగులు కుట్టే ఏ కొట్లో అడిగినా ఆ రన్నర్ నిమిషాల్లో వేసిస్తారు. చాదస్తం అంటావా, అను, పడతాను. ఈ దసరా సేల్‌కు మాత్రం పోకు. అటక మీద పడేసిన ఆ బూట్లు కిందికి దించి, ఊడిన అడుగు కుట్టించు. కుట్టినాయన అడిగినంత ఇవ్వు, బేరమాడకు.