రుద్దితే మెరుపు, మళ్లీ రుద్దితే రేకు

మా దిగువ కృష్ణా డెల్టాలో ప్రతి కారుకీ మూడు రంగులుంటాయి. ఆర్సీలో రాసి ఉండే రంగు ఒకటి, వానకు తడిసినప్పుడు కనిపించే రంగు రెండోది, మిగతా రోజుల్లో జనం చూసే రంగు మూడోది. ఈ మూడోది బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో ఒకటే. తెల్లగా పుట్టినా ఎర్రగా పుట్టినా చివరికి అన్నీ ఎండుగడ్డి రంగులో కలుస్తాయి. వర్ణభేదాలు లేని సమాజం మా దగ్గర ఎక్కడైనా వచ్చిందంటే అది కార్లు నిలిపేచోటే.

దీనికి ఎవరి సాయం వాళ్లు చేస్తారు. మంగినపూడి వైపు నుంచి ఉప్పుగాలి వస్తుంది. గుడివాడ రోడ్డు మీద చేపల లారీలు నీళ్లు కార్చుకుంటూ పోతాయి. కోతలయ్యాక సగం రోడ్డు ధాన్యం ఆరబోతకు పోతే, మిగిలిన సగంలోనే ఎదురెదురు బళ్లు రెండూ ఇమడాలి. దివిసీమ కరకట్ట మీద ట్రాక్టరుకు దారిచ్చి పక్కకు జరిగితే, సర్కారు తుమ్మ తలుపులకు అడ్డనామాలు దిద్ది పంపుతుంది. చెట్టునీడన నిలిపితే కొంగలు ఊరుకోవు. రెట్టలోని ఆమ్లం ఎండకు కాగి, కడిగినా పోని మచ్చవుతుంది.

కడగడమైనా సుఖంగా ఉందా? సముద్రం దగ్గరి ఊళ్లలో చాలాచోట్ల బోరులో వచ్చేది ఉప్పునీరే. దాంతో కడిగి ఎండలో వదిలేస్తే, ఆరిన ప్రతి చుక్కా తెల్లటి ఉంగరమై కూర్చుంటుంది. కాలవలకు నీళ్లొదిలినప్పుడు గేదెల పక్కనే కారునీ నిలబెట్టి, రెంటినీ ఒకే పీచుతో తోమే మహానుభావులున్నారు. గేదెకు అభ్యంతరం లేదు, దాని తోలు మందం. కారు తోలు అంత మందం కాదు.

ఎంతో చెబుతాను. రేకు మీద ప్రైమరు, దాని మీద రంగు, ఆ పైన క్లియర్ కోట్ అనే రంగులేని పొర. అన్నీ కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. మెరుపు బాధ్యతంతా పైనున్న క్లియర్ కోట్‌ది. అది 40, 50 మైక్రాన్లుంటే గొప్ప. మన తలవెంట్రుక సుమారు 70 మైక్రాన్లుంటుంది. లక్షలు పోసి కొన్న పరువు మందం వెంట్రుకవాసి కూడా లేదన్నమాట. ఆ పొర మీద సన్నని గీతలు పడితే వెలుగు ఒక దిక్కుకు పోకుండా చెదిరిపోతుంది. మనకు మసకగా కనిపించేది అదే. మెరుపు తెప్పించడమంటే, ఆ ఎత్తుపల్లాలు చదునయ్యేదాకా పైపొరనే కాస్త అరగదీయడం.

మా మావయ్య దీన్ని ఒప్పుకోడు. ఆయన విద్య అంబాసిడర్ల కాలం నాటిది. అప్పటి రంగు మీద ఈ క్లియర్ కోట్ ఉండేది కాదు. ఎండకు పొడిబారిన రంగును కాంపౌండు అనే గరుకు ముద్ద పెట్టి రుద్దితే అడుగునున్న తాజా రంగు బయటపడేది, గుడ్డకూ రంగు అంటేది. "గుడ్డకు రంగు అంటకపోతే పని జరిగినట్టు కాదురా" అంటాడు ఇప్పటికీ. ఈనాటి కార్లలో చాలావాటికి గుడ్డ మీద రంగు కనిపించిందంటే, క్లియర్ కోట్‌కు పెద్దకర్మ పెట్టుకోవచ్చు.

మా పిన్నిది టూత్‌పేస్టు వైద్యం. అందులో కొంత నిజముంది. పేస్టులో మెత్తని గరుకుపొడి ఉంటుంది గనక చిన్న గీత కాస్త తగ్గుతుంది. కానీ బానెట్ మొత్తానికి పేస్టంటే ఇంటిల్లిపాదీ నెలరోజులు వేపపుల్లలు నమలాలి. పక్కింటాయనది కొబ్బరినూనె సంప్రదాయం. అవనిగడ్డలో పెళ్లికని గుడివాడలో నూనె రాసి బయల్దేరితే పామర్రు దాకా ధగధగే. చల్లపల్లి చేరేసరికి దారిలోని దుమ్మంతా మనతోపాటు పెళ్లికి వస్తుంది.

ఇందరు పండితుల మధ్య నాకు తెలిసిన పెయింటరొకాయన మాత్రం తక్కువ మాట్లాడతాడు.

"మెరుపు కావాలాండీ, కారు కావాలా?"

"రెండూ కావాలయ్యా."

"అయితే తక్కువ రుద్దాలండీ. గీత మీద గోరు అడ్డంగా పోనివ్వండి. తట్టుకుందా, లోతుగా తెగినట్టు. అది టచప్ పని. తట్టుకోలేదా, పాలిష్‌తో పోద్ది."

తక్కువ రుద్దాలనే ఈ సూత్రం బందరు ఆడవాళ్లకు పుట్టుకతోనే తెలుసు. చిలకలపూడి రోల్డుగోల్డు గాజుల్ని ఎవరూ పీచుపెట్టి తోమరు. పైన ఉన్నది పూత. గట్టిగా తోమితే అడుగు లోహం నలుగురిలో బయటపడుతుంది. మెత్తని గుడ్డతో తుడిచి పెట్టెలో దాచుకుంటారు. అదే ఇంటి మగవాడు ఆదివారం పొద్దున్నే పాత తువ్వాలు భుజానేసుకుని, దుమ్ము దులపకుండానే కారును పొడిగుడ్డతో గుండ్రంగా రుద్దుతాడు. ఆ దుమ్ములోని ఇసుక చేసే పని ఎండ పడ్డప్పుడు తెలుస్తుంది; బానెట్ నిండా సాలెగూళ్లు.

ముందు మంచినీళ్లు ధారగా పోసి ఇసుకను జారనివ్వాలి, తర్వాత షాంపూ. నీడలో, బానెట్ చల్లబడ్డాక, కాంపౌండు మసకబారిన చోట మాత్రమే, దాని గరుకు మరకలు తీయడానికి సన్నరకం పాలిష్, చివర మైనం. మైనం గీతను పోగొట్టదు, కనిపించకుండా కొంత కప్పి, పైకి కాపలా కాస్తుంది. మంచి రకాల్లో ఉండే కార్నౌబా మైనం బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. వాళ్ల చెట్టు కార్లకు పనికొచ్చింది. మన తాటిచెట్టు డ్రైవర్లను పనికిరాకుండా చేసింది.

కాబట్టి కార్లున్న సోదరులకు నా మనవి. కడగడం తరచుగా, మైనం అప్పుడప్పుడు, కాంపౌండు అరుదుగా. క్లియర్ కోట్ జీతం కాదు, నెలనెలా రాదు. అది పుట్టింటివారు ఒక్కసారే ఇచ్చిన కట్నం. గీత గోరుకు తట్టకపోతే పాలిష్ పెట్టుకోండి, తట్టితే పెయింటరుకు చూపించండి. మావయ్యకు మాత్రం చూపించకండి.