నా ఇంటిపేరు 10ఈసీ

అత్తిలిలో ఒక కంప్యూటర్ మదర్‌బోర్డు మీద ఉన్న చిన్న నల్ల చిప్పును నేను. కేబుల్ మోసుకొచ్చే ఇంటర్నెట్‌ను లోపలికి చేర్చడం నా పని. ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేసిన రోజు మాలో కొందరికి పనీ పోతుంది, పేరూ పోతుంది. డివైస్ మేనేజర్‌లో పసుపుపచ్చ గుర్తు పెట్టి, అన్‌నోన్ డివైస్ అని రాస్తారు. దాని ప్రాపర్టీస్‌లో కోడ్ 28 కనిపిస్తుంది. దానర్థం డ్రైవర్ వేయలేదని మాత్రమే. చిప్పు పాడైందని కాదు. ఈ తేడా తెలియకే చాలామంది కొత్త కార్డు కొనడానికి సిద్ధపడతారు.

నిజానికి మేము పేరు లేని వాళ్లం కాము. తెలుగువాళ్ల పేర్లలాగే మాకూ ముందు ఇంటిపేరు, ఆ తర్వాత సొంత పేరు. ఆ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ తెరిచి, హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. వెన్ పక్కన 10ఈసీ, డెవ్ పక్కన 8168 కనిపిస్తే అది నేనే. 10ఈసీ నా ఇంటిపేరు, అంటే రియల్‌టెక్ కంపెనీ నంబరు. 8168 నా సొంత పేరు. ఇంటెల్ అయితే 1978లో తెచ్చిన తన ప్రాసెసర్ పేరు 8086నే ఇంటిపేరు చేసుకుంది. ఈ నంబర్లు చిప్పులోనే ఉంటాయి కాబట్టి డ్రైవర్ లేకపోయినా కంప్యూటర్ చదవగలదు. ఏ డ్రైవర్ కావాలో తేల్చడానికి డబ్బా మీది బొమ్మకన్నా, సీడీ మీది పేరుకన్నా నమ్మదగిన ఆధారం ఇదే.

అన్నీ తనే వెతికిపెట్టే డ్రైవర్ ప్యాక్ ఉండగా ఇంత శ్రమ ఎందుకని అడగవచ్చు. డ్రైవర్ విండోస్ గర్భగుడిలో కూర్చునే ప్రోగ్రామ్. ఎవరు తయారుచేశారో తెలియనిదాన్ని అక్కడికి రానివ్వడం ఇంటి తాళాలు దారినపోయేవారికి ఇవ్వడమే. నంబరుకు కూడా నకిలీ ఉంటుంది కదా అన్నది ఇంకో మాట. ఉంటుంది. యూఎస్‌బీ కేబుళ్లలో వాడే ఎఫ్‌టీడీఐ చిప్పులకు నకళ్లు పుట్టాయి. 2014లో ఆ కంపెనీ డ్రైవర్ ఆ నకళ్ల నంబరును సున్నాగా మార్చి, వాటిని పనిచేయకుండా చేసింది. దీన్నిబట్టి నంబరును నమ్మకూడదని అనలేం, వస్తువును నమ్మకమైన చోట కొనాలని తెలుస్తుంది. ఒకే 8168 పేరుతో మాలో చాలా రకాలున్న మాట కూడా నిజమే. ఆ తేడాను చివరి రివిజన్ అంకె చెబుతుంది.

నాకు డ్రైవర్ లేనప్పుడు దాన్ని తెచ్చుకోవడానికి నా దారిన ఇంటర్నెట్ రాదు. అందుకే ఫార్మాట్ కొట్టే ముందే నా నంబరు కాగితం మీద రాసుకోండి. కంపెనీ సైటు నుంచి నా డ్రైవర్ దించి పెన్‌డ్రైవ్‌లో దాచండి.