బాపట్లలో నాలుగేళ్లు నెగ్గుకొచ్చే చిట్కాలు

బాపట్లలో సీటొచ్చిందా తమ్ముడూ? శుభం. 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల, 1981లో పెట్టిన ఇంజనీరింగ్ కళాశాల ఉన్న ఊరు. ఆ చదువేదీ ఒంటికి అంటకుండా బయటపడ్డ సీనియర్లం కొందరం ఉన్నాం. మా పద్ధతి చెప్తా, రాసుకో. రాయడానికి బద్ధకమైతే ఫోటో తీసుకో.

1. గది కాలేజీకి దగ్గర్లో తీసుకోకు. దగ్గరుంటే ఆలస్యానికి సాకు దొరకదు. రైలు పట్టాలకి అవతలి వైపు చూసుకో. విజయవాడ–చెన్నై లైను కదా, ఏదో ఒక బండి పోతూనే ఉంటుంది. "గేటు పడింది సార్" అంటే చాలు. నీ దారిలో అసలు గేటు ఉందా లేదా అన్నది నీకు అనవసరం. సారు కూడా అదే దారిన వస్తే, "మీరు దాటాకే పడింది సార్" అను.

2. ఈ ఊళ్లో అబద్ధానికి ఆయుష్షు సాయంత్రం దాకానే. ఇంటి ఓనరాంటీ తమ్ముడికి జిరాక్స్ షాపు ఉంటుంది, ఆ షాపు ముందు బెంచీ మీద మీ కాలేజీ అటెండరు కూర్చుంటాడు. దీనికి భయపడి నిజాలు చెప్పడం మొదలుపెట్టకు. పక్కాగా లెక్క రాసుకో. పాఠాల నోట్సు లేకపోయినా ఈ నోట్సు ఉండాలి: ఏ సారు దగ్గర ఏ చుట్టాన్ని చంపావు, ఏ తారీఖున చంపావు. మొదటి సెమిస్టరులో పోయిన తాతయ్య మూడో సెమిస్టరులో కంటి ఆపరేషన్ చేయించుకోకూడదు. సంక్రాంతి ముందు ఆయనే అరిసెల డబ్బా పట్టుకుని కాలేజీ గేటు దగ్గర ఆటో దిగాడనుకో, కంగారుపడకు. చిన్నతాతయ్య అని పరిచయం చెయ్యి. ఆయనకి ముందే చెప్పి పెడితే ఇంకా మంచిది. ముసలాళ్లకి మనవడంటే ఆపేక్ష, సర్దుకుంటారు.

3. హాజరు 75 శాతం ఉండాలంటారు. అంటే 25 శాతం నీ హక్కు. హక్కుని దాచుకుంటే మురిగిపోతుంది, మొదటి నెలలోనే వాడెయ్యి. ఆ తర్వాత సంగతి డాక్టరు సర్టిఫికెట్టు చూసుకుంటుంది. అందులో కామెర్లు రాయించు, టైఫాయిడ్ అందరూ వాడి పాతబడిపోయింది.

4. వ్యవసాయ విద్యార్థివైతే నీకు కాస్త ఎక్కువ శ్రమ. ప్రాక్టికల్ అని పొలంలోకి దింపుతారు, పంట నువ్వే పండించాలంటారు. బురదలో దిగకు, గట్టు మీద గొడుగేసుకుని నిలబడు. కలుపు తీయడానికి కూలీని పెట్టు, డబ్బు "పుస్తకాలకి" అని ఇంట్లో అడుగు. ఆమె చెయ్యి ఆడించినంతసేపూ నువ్వు సెల్ఫీలు తీసుకో. "రైతుబిడ్డ" అని పెడితే లైకులు బాగా వస్తాయి.

రికార్డు మాత్రం సీనియర్ దగ్గర తెచ్చుకుని ఉన్నదున్నట్టు దించు. ఆలోచించకు. ఆలోచిస్తే తప్పులు కనిపిస్తాయి, దిద్దాలనిపిస్తుంది. మా రూములో తరతరాలుగా వచ్చే రికార్డులో "బీపీటీ 5402" అని ఉంటుంది. ఈ నేల మీద పుట్టి 1986లో విడుదలై, ఇవాళ్టికీ మెస్సుల్లో పళ్లెం పళ్లెంలో ఉండే సాంబ మసూరి నంబరు 5204 అని ఎవరైనా అంటే వినకు. మనది సంప్రదాయం. వైవాలో "పొద్దున ఏ బియ్యం తిన్నావయ్యా?" అని అడిగితే "ఇడ్లీ తిన్నాను సార్" అని చెప్పి లేచి వచ్చెయ్యి.

5. సూర్యలంక బీచి తొమ్మిది కిలోమీటర్లు. క్లాసులున్న రోజే వెళ్లు, సెలవు రోజున జనం ఉంటారు. కార్తీకంలో మాత్రం ఇంట్లో చెప్పి మరీ వెళ్లు. సముద్రస్నానం, పుణ్యం అంటే అమ్మ ఖర్చులకి పంపుతుంది. ఆ డబ్బుతో బిర్యానీ తిను. కార్తీకమని గుర్తొస్తే ఎగ్ బిర్యానీతో సరిపెట్టుకో.

6. ఊరి గురించి ఏమీ తెలుసుకోకు. 1913లో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది ఈ ఊళ్లోనే. ఆ సంగతి ఇక్కడ ఉండగా చెవిన పడనీయకు. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్ టూ కోచింగులో చేరి, ఫీజు కట్టి నేర్చుకో. ఊరికే వచ్చినదానికి విలువ ఉండదు. వేటపాలెం వెళ్తే జీడిపప్పు కొనుక్కుని వెంటనే తిరుగు రైలెక్కు. అక్కడ 1918 నాటి సారస్వత నికేతనం ఉంది, గాంధీగారు శంకుస్థాపన చేసిన గ్రంథాలయం. పొరపాటున లోపలికి వెళ్తే పాత పత్రికలుంటాయి, మధ్యాహ్నం నిద్ర పాడు. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు బాపట్లలో ఏముందని ఎవరైనా అడిగితే పెదవి విరిచి "ఏముంది, బోరు" అను.

7. టిఫిన్ కొట్టు బాబాయి దగ్గర ఖాతా మొదటి వారంలోనే తెరిపించు. చదువు పూర్తయ్యేలోపు అది బాగా పండాలి. ఆఖరి పరీక్ష రాత్రే పెట్టె సర్దుకో. బాబాయి ఎదురుపడి లెక్క అడిగితే మొహం చిన్నబుచ్చుకోకుండా, "మా జూనియర్ ఇస్తాడు బాబాయ్, చెప్పే ఉంచా" అను. ఏ జూనియరని అడుగుతాడు. అప్పటికి నీ బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేలా చూసుకో.